పడమరకు రెండున్నర గంటలు

మా ఆయనకు దెబ్బ తగిలిందన్న కబురు నాకు మొదట తెచ్చినవారు టైమాఫీసు గుమస్తాగారు. విశాఖ ఉక్కు కర్మాగారం అప్పటికింకా కడుతున్నారు. ఎనభైల మొదటి రోజులు. పనివాళ్ళ హాజరు, సెలవు చీటీలు చూసే చోటును టైమాఫీసు అనేవారు. గురువారం సాయంత్రం నాలుగు దాటాక గుమస్తాగారు సైకిలు దిగి, గుమ్మంలోకి రాకుండా, సన్నజాజి పందిరి దగ్గరే నిలబడి రుమాలుతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుచుకుంటూనే ఉన్నారు.

"కంగారు పడకమ్మా. బొంబాయి నుంచి ఫోనొచ్చింది. మీ ఆయనకి పనిలో దెబ్బ తగిలిందట. ఆస్పత్రిలో ఉన్నాడు. మాట్లాడతన్నాడట."

మాట్లాడుతున్నాడన్న మాటను నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

మా ఆయన క్రేను నడిపేవాడు. పదేళ్ళు పోర్టులో, తరువాత ఇక్కడ. కూర్మన్నపాలెం దగ్గర ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో మేమిద్దరం, మా పసిపాప, మా అత్త ఉండేవాళ్ళం. కొత్త రకం క్రేను పని నేర్చుకోవడానికి మూడు నెలలు బొంబాయి పంపారు. అందులో రెండు నెలలు అయిపోయాయి. అక్కడ ఒక యార్డులో ఇనుప తాడు తెగి వచ్చి పొట్టకు కొట్టింది. ఆపరేషన్ చేశారు. లోపల చీము పట్టింది. ఈ రెండు మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని, భార్యను రప్పించమని డాక్టర్లు అన్నారట. ఇదంతా గుమస్తాగారు ఒక్కసారిగా చెప్పలేదు. మా అత్త ఒక్కో ప్రశ్న అడుగుతుంటే ఒక్కో ముక్క చెప్పారు.

"ఎంత దూరం బాబూ ఆ ఊరు?" అంది అత్త.

గుమస్తాగారు జేబులోంచి సెలవు చీటీ ఒకటి తీసి, వెనక్కి తిప్పి, మూడు చుక్కలు పెట్టి గీత గీశారు. "ఇది మనం. ఇది హైదరాబాదు. ఇదిగో బొంబాయి. దగ్గర దగ్గర పదకొండు వందల కిలోమీటర్లు. రైలంటే ఒక రోజులో తేలదు. విమానమైతే, ఇక్కడి నుంచి హైదరాబాదు గంటా పది నిమిషాలు, అక్కడ దిగి ఇంకోటెక్కితే గంటా ఇరవై. గాల్లో ఉండీది రెండున్నర గంటలే పెద్దమ్మా. ఆఫీసరుగారు రేపు మధ్యాహ్నం విమానానికి సీటు చెప్పించారు. ఖర్చు ఆఫీసుదే. దీపాలెట్టే ఏళకి మీ కోడలు మీ అబ్బాయి పక్కనుంటాది."

మా అత్త రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టింది. నేను చీటీ వైపు చూస్తున్నాను. గీత కుడి నుంచి ఎడమకు సాగింది. తూర్పు నుంచి పడమరకు.

"రేపు శుక్రవారం కదండీ" అన్నాను.

ఈ మాట ఎందుకన్నానో చెప్పాలంటే నా చదువు సంగతి చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న పొలం పనులయ్యాక అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు నేర్పాడు. కూడబలుక్కుని చదవడం రాగానే చేతిలో పెట్టింది పంచాంగం. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, ప్రయాణానికి ఏ రోజు ఏ దిక్కు పనికిరాదో చెప్పే వారశూల, ఇవే నా పాఠాలు. విత్తనం వేసే రోజు అడగడానికి ఊళ్ళో వాళ్ళు వస్తే, "మా అమ్మాయి సెప్తాది" అని నన్ను ముందుకు తోసేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పిన రోజుకు పెద్దవాళ్ళు నాగళ్ళు కట్టేవారు. ఆ గర్వం నాలో ఉండిపోయింది. శుక్రవారం, ఆదివారం పడమరకు శూల. బొంబాయి పడమర.

శూలకు ఎదురెళితే పోటు తప్పదని నేర్చుకున్నాను. ఆ పోటు నాకు తగిలితే నాకేం భయం లేదు. ఎవరి కోసం వెళుతున్నామో వారికి తగులుతుందేమో అన్నదే నా భయం. ఆయన ప్రాణం సూదిమొన మీద ఉంది. నా అడుగు వల్ల అది జారకూడదు. నేను ఆ రోజు మొండితనంతో ఆగలేదు. ఆయన్ను కాపాడుతున్నాననే అనుకుని ఆగాను. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు. అలా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

శుక్రవారం పదకొండింటికి జీపు వచ్చింది. గుమస్తాగారు దిగి, నేను చీర మార్చుకోకుండా ఉండడం చూసి నిలబడిపోయారు.

"రేపటికి మార్పించండి. శనివారం పడమరకి దోషం నేదు. రేపు తప్పకుండా ఎల్తాను" అన్నాను.

"అమ్మా, శూల నేల మీద నడిచీవాళ్ళకి. విమానం గాల్లో ఎల్తాది. దానికి శూలేటమ్మా?" అని నవ్వించబోయారు. నేను నవ్వకపోయేసరికి, ఆయనే తల దించుకున్నారు.

మా అత్తకు అక్షరం ముక్క రాదు. ఏడాదికోసారి ఊరి అమ్మవారికి ఘటం ఎత్తడం తప్ప వేరే పూజ తెలియదు. మా పాపను చంకనెత్తుకుని నా ఎదురుగా నిలబడింది. "అమ్మీ, ఆ పుస్తకం పక్కనెట్టి ఎల్లవే. నా కొడుకు నీకోసం సూత్తుంటాడు. దోసమేటన్నా ఉంటే నా నెత్తిన ఎట్టుకుంతాను."

"ఆయన కోసమే అత్తా. ఒక్క రోజు."

"నీకు సదువొచ్చు. నాకు రాదు. నాను ఏటి సెప్పగలను" అని లోపలికి వెళ్ళిపోయింది.

జీపు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం పెరట్లో పాప గుడ్డలు ఆరవేస్తుంటే కొండల వెనక నుంచి విమానం లేచింది. రోజుకు అది ఒక్కటే కాబట్టి అదే అని తెలుసు. ఎండలో తళుక్కుమని, పడమరకు తిరిగి, చిన్నదై పోయింది. అందులో నా సీటు ఖాళీగా వెళుతోంది. తడి గుడ్డ చేతిలో పట్టుకుని, స్వామీ, నా లెక్క తప్పు కాకుండా చూడు, అని కొండ మీది అప్పన్నకు మొక్కుకున్నాను.

శనివారం అత్త పొద్దున్నే లేచి చద్దన్నంలో పెరుగు కలిపి పెట్టింది. పాపను ఆమెకు అప్పగించి జీపెక్కాను. ఎయిరోడ్రోములో కూర్చున్నాక వాన పట్టుకుంది. పైన మబ్బు దిగిపోయి, రావాల్సిన విమానం దిగలేక మూడు గంటలు ఆలస్యమైంది. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను. అది ఎలా ఉందో నాకు గుర్తులేదు. కొంగు ముడిలో ఉన్న కుంకుమ పొట్లం పట్టుకుని గంటా పది నిమిషాలు లెక్కపెట్టాను. హైదరాబాదులో దిగేసరికి బొంబాయి విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ రేపు పొద్దున్నే అన్నారు.

రేపంటే ఆదివారం. పడమరకు శూల ఉన్న రెండో రోజు.

నవ్వాలో ఏడవాలో తెలియక బెంచీ మీద కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, తన గుడ్డల మూట నా ఒళ్ళోకి జరిపి, "ఇది నీ దగ్గరుంచమ్మా, మంచినీళ్ళు తాగొస్తా" అని వెళ్ళింది. ఆ మూట ఒళ్ళో పెట్టుకున్న క్షణంలో నాకు మా నాన్న గొంతు వినబడింది. ప్రస్థానం!

ప్రస్థానం అంటే తెలియనివారికి చెబుతాను. బయలుదేరాల్సిన రోజు బాగోకపోతే, ముందు రోజు మంచి ఘడియ చూసి, మన బట్టలైనా బియ్యమైనా మూటగట్టి ఇరుగుపొరుగు ఇంట్లో పెడతారు. మూట గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. మర్నాడు ఏ వారమైనా ఆ మూట తీసుకుని పోవచ్చు. మా నాన్న సంత ప్రయాణాలకు ఎన్నిసార్లో అలా పెట్టాడు. ఆ మూట ఎదురింట్లో పెట్టి వచ్చినదాన్ని నేనే. గురువారం సాయంత్రం గుమస్తాగారు సైకిలెక్కగానే నా చీర ఒకటి మూటగట్టి పక్క క్వార్టరులో పెట్టి ఉంటే, గురువారం పడమరకు దోషం లేదు కాబట్టి, శుక్రవారం నేను నిశ్చింతగా వెళ్ళేదాన్ని. దారి మూసింది పుస్తకం కాదు. పుస్తకంలో తలుపు తీసే ఉంది. చదువొచ్చినదాన్ని నేను, చూడలేదు.

పెద్దావిడ వచ్చి మూట తీసుకుని, "ఏం తల్లీ, ఒంట్లో బాగా లేదా?" అంది. బాగానే ఉందన్నాను. ఆ రాత్రి గురించి రాయను.

ఆదివారం పడమరకు వెళ్ళాను. వెళ్ళకూడని రోజున, వెళ్ళకూడని దిక్కుకు. గంటా ఇరవై నిమిషాలు. గుమస్తాగారు చెప్పిన లెక్క నిమిషం తప్పలేదు.

ఆస్పత్రిలో మూడో అంతస్తు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. ఎయిరోడ్రోము నుంచి నాతో వచ్చిన యార్డు మేస్త్రీ తెలుగు రానివాడు. ఒక మంచం చూపించి పక్కకు తప్పుకున్నాడు. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఎవరూ లేరు.

పక్క మంచం మీంచి, కిటికీ వైపు నుంచి, మా ఊరి మాట వినబడింది.

"సెల్లెమ్మా. కూకో అమ్మా. ముందు కూకో."

నల్లగా, ఎండకు మాడిన మొహం. కుడి కాలికి కట్టు కట్టి, దానికో బరువు తగిలించి, పైకి వేలాడదీశారు. భీమిలి అవతల ఒక సముద్రపు పల్లె మనిషి. చేపల బోట్ల మీద పనికి బొంబాయి వచ్చి, మోకు చుట్టుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు. మా ఆయన, ఈయన తెలుగులో మాట్లాడుకునేవారట. ఆ వార్డులో వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ ఆ భాష రాదు. ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారట. మా ఆయన బావ అని పిలిచినవాడు నాకు అన్నయ్యే అవుతాడు. ఆయన ఆ వరస మొదటి మాటలోనే కలుపుకున్నాడు.

"నిన్న దీపాలెట్టే ఏళకి పోనాడమ్మా" అన్నాడు. "బాద పడనేదు. సివరికి జొరం దిగిపోయి సల్లగా పోనాడు."

నిన్న దీపాల వేళ. నేను హైదరాబాదు బెంచీ మీద ఎవరిదో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వేళ.

"నాకోసం అడిగారా?" అన్నాను.

అన్నయ్య కిటికీలోకి చూశాడు. ఆయన మంచం మీంచి ఆకాశం కనిపిస్తుంది. దిగడానికి వంగే విమానాలు కనిపిస్తాయి. మా ఆయన మంచం మీంచి ఏమీ కనిపించదు, గోడ తప్ప.

"శుక్కురారం నువ్వొత్తన్నావని మేస్త్రీ సెప్పినాడు. బావ మొకం ఎలిగిపోనాది. మద్దేనం కాడ్నుంచి ఒకటే గోల. యిమానం సప్పుడైతే సాలు, 'ఇదేనా బావా?' 'ఇది కాదు బావా, ఇది పెద్దది, దేశాలు తిరిగీది.' ఇంకోటొస్తాది. 'ఇదేటి?' 'ఇదీ కాదు, దీని తోక ఎర్రది, మీ ఆవిడ ఎర్ర తోకది ఎక్కదు.' నవ్వీవోడు. నవ్వితే కుట్లు లాగి 'నవ్వించకు బావా, సచ్చిపోతాను' అనీవోడు."

ఆయన నవ్వబోయి ఆగాడు.

"సందేళ మేస్త్రీ మల్లీ వచ్చినాడు. నాకు హిందీ వొచ్చునని నాతో సెప్పినాడు. ఆవిడ రానేదట, వారం మంచిది కాదట, రేపొత్తాదట అని."

నేను మంచం పట్టె పట్టుకున్నాను. "ఆయనకు చెప్పారా అన్నయ్యా?"

"సెప్పనేదమ్మా. ఎలా సెప్తాను? గాలి అన్నాను."

"గాలా?"

"పడమటి గాలి ఎదురుగా కొడతంది బావా, అందుకే యిమానం ఎనక్కి తిప్పీసినారు, అన్నాను. నాను ఎప్పుడన్నా యిమానం ఎక్కినానేటి? మా పడవకి ఎదురు గాలైతే ఎనక్కి తిప్పీస్తాం. అదే సెప్పీసినాను. బావ ఎంటనే నమ్మీసినాడు. 'అవునవును, గాలెక్కువైతే మేమూ క్రేను దింపీస్తాం. గాలితో పంతం పడకూడదు' అన్నాడు. ఇంకేటి కావాల? నా అబద్దానికి ఆడే సాచ్చీకం."

శనివారం పొద్దున్నుంచి జ్వరం ఎక్కువైంది. స్పృహ వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, ఎంత దూరంలో ఉంది అని. అన్నయ్య ప్రతిసారీ నన్ను కొంచెం దగ్గరకు తెచ్చాడు. బయల్దేరింది. గోదావరి దాటింది. హైదరాబాదులో దిగింది. రెండో విమానం ఎక్కింది. కిటికీలోంచి ఏదో విమానం వంగుతుంటే, "అదిగో బావా, ఇదే" అన్నాడు. నేను అప్పుడు వానలో విశాఖలోనే కూర్చుని ఉన్నాను.

"సివర్న కళ్ళు తెరిసి మల్లీ అడిగినాడు. 'వొచ్చీసినాది బావా, కింద దిగినాది, మెట్లెక్కతంది' అన్నాను. దానికి ఆడేటన్నాడో తెలుసా సెల్లెమ్మా? 'దానికి మెట్లెక్కితే ఆయాసం వొస్తాది. మెల్లిగా రమ్మను' అన్నాడు. అంతే. ఇంకేటీ అననేదు."

ఆ మెట్ల మీద నేను గోడ పట్టుకుని ఆగిన సంగతి అన్నయ్యకు తెలియదు.

"నన్ను తిట్టండి అన్నయ్యా" అన్నాను. "ఎవరైనా తిట్టాలి."

"ఓలమ్మా, నానెందుకు తిడతాను. మాకు మాత్రం లేవేటి? మంగళారం కొత్త వల నీటిలో దింపం. ఆ పొద్దు సేపలు ఎగిరెగిరి పడినా దింపం." కాలు కదలబోతే మొహం ముడుచుకుంది. "ఆడికి మాత్రం నువ్వు ఆలిస్సెం సెయ్యనేదు. గాలి సేసినాది. ఆడు అదే ఎట్టుకుని పోనాడు. నువ్వూ అదే ఎట్టుకో."

నా తప్పును ఆ మనిషి గాలి మీద వేశాడు. మా ఆయన నా మీద చిన్న కినుక కూడా లేకుండా వెళ్ళాడంటే, ఆ వార్డులో కాలు వేలాడేసుకుని పడి ఉన్న ఒక పరాయివాడి నోటి చలవ. దేవుడు నాకు ఏం మిగిల్చాడని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. అప్పన్నకు రోజూ దీపం పెడతాను. దణ్ణం పెట్టుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి తలచుకుని పెడతాను.

దహనం అక్కడే జరిగింది. మేస్త్రీ, యార్డు వాళ్ళు నలుగురు మోశారు. అస్థికల కుండతో విమానం ఎక్కమన్నారు. వద్దని రైలెక్కాను. ఆ రోజు సోమవారం. సోమవారం తూర్పుకు శూల. ఎవరూ నన్ను ఆపలేదు, నన్ను నేనూ ఆపుకోలేదు. వెళ్ళేముందు అన్నయ్య దగ్గర సెలవు తీసుకుంటుంటే, "ఎప్పుడైనా మా పల్లె ఎల్తే, కాలు అతుక్కుంతందని సెప్పు. ఇంకేటీ సెప్పకు" అన్నాడు. కాలు కుళ్ళుతోందని, మోకాలి కింద తీసేస్తారని నర్సు మేస్త్రీతో అనడం, భాష రాని నాకు అతను చేత్తో మోకాలి కింద గీత గీసి చూపించడం నేను చూశాను.

ఇంటికి చేరాక అత్త ఏడవడానికి ముందు అడిగింది ఒకటే. "ఆడు నన్ను అడిగినాడేటే?"

"అడిగారత్తా. అమ్మ అన్నం తిన్నాదా అని అడిగారు" అన్నాను. అబద్ధం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు. శుక్రవారం సంగతి ఆమె చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

మూడో నెల దాటాక మద్దిలపాలెంలో బస్సు మారి భీమిలి వెళ్ళి, అక్కడి నుంచి నడిచి ఆ పల్లె చేరి, బొంబాయి బోట్ల మీదికి పోయినవాడి ఇల్లు అడిగి కనుక్కున్నాను. అన్నయ్య భార్య ఇసకలో చేపలు ఎండబెడుతోంది. కాలు అతుక్కుంటోందని చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని, కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, "ఎంత దూరమమ్మా ఆ బొంబాయి?" అంది.

"విమానంలో రెండున్నర గంటలు వదినా."

"అంతేనా! అయితే పొద్దున్న బయలెల్లితే సందేళకి కూటికి వచ్చీవొచ్చు" అని మురిసిపోయింది.

అన్నయ్య రాలేదు. ఆ వార్డు పేరుకు గుమస్తాగారి చేత హిందీలో రాయించిన ఉత్తరాలు రెండు తిరిగి వచ్చాయి. మూడోది తిరిగి రాలేదు, దానికి జవాబూ రాలేదు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఆ పల్లెకు వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా వదిన, "ఏటమ్మా, మీ అన్న ఇంకా రానేదు" అనేది. ఒకసారి నా నోటి నుంచి వచ్చేసింది. "గాలి ఎదురుగా ఉందేమో వదినా."

ఆమె చేత్తో కళ్ళకు నీడ పెట్టుకుని సముద్రం వైపు చూసింది. "ఉంటాది" అంది.

ఇప్పుడు వదిన కూడా లేదు. ఆయన్ను తలచుకునేవాళ్ళలో నేను ఒక్కదాన్నే మిగిలాననుకుంటాను. పేరు నాకు తెలియదు. అన్నయ్య అని పిలిచాక పేరు అడిగే పని పడలేదు. వదిన ఎలాగూ భర్త పేరు పలికేది కాదు. అందుకని చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. నా మీద జాలిపడకండి, మా ఆయన్ను తలచుకోవడానికి నేను ఉన్నాను. బొంబాయిలో ఒక ఆస్పత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, కుడి కాలు పోగొట్టుకోబోతూ, ఎన్నడూ విమానం ఎక్కని ఒక చేపల మనిషి పడుకుని, పక్కవాడి కోసం నన్ను మైలు మైలుగా దగ్గరకు తెచ్చాడు. మీరు ఎప్పుడైనా ఆకాశంలో విమానం వంగడం చూస్తే, ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.